మీటర్ తలుపు మీద పెన్సిల్ అంకెలు

మెట్ల కింద మీటర్ బాక్సు తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. పాత చెక్క, బూజు, వేడెక్కిన వైరు కలిసిన వాసన. ఒకప్పుడు నెలకోసారి ఇదే వాసన పీలుస్తూ, తల పైమెట్టుకు తగలకుండా వంగి నిలబడేవాళ్లం, నేనూ మా రూమ్మేటూ. ఒకరి చేతిలో టార్చి, ఇంకొకరి చేతిలో పెన్సిలు.

ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా ఏళ్లయింది. మొన్న ఏదో పని మీద ఆ వైపు వెళ్లి, ఒక్కసారి చూసి పోదామని గేటు తీశాను. "ఎవరు కావాలండీ?" అని కింద పోర్షన్ ఆయన అడిగితే, "ఒకప్పుడు పైన అద్దెకుండేవాణ్నండీ" అన్నాను. పైకెళ్లి చూడమన్నారు. పైన కాదు, మెట్ల కింద మీటర్ చూస్తానన్నాను. ఆయనకు వింతగా అనిపించి ఉండాలి, అయినా అడ్డు చెప్పలేదు.

మీటర్ మారిపోయింది. తిరిగే చక్రం లేదు. డిజిటల్ అంకెలు, మినుకు మినుకుమనే చిన్న ఎర్ర లైటు. తలుపు మాత్రం అదే. దాని లోపలివైపు చెక్కకు ఎవరూ రంగు వేయలేదు. మేం రాసిన అంకెలు పైనుంచి కిందికి వరుసగా అలాగే ఉన్నాయి. గుండ్రంగా ఉన్నవి మా రూమ్మేటువి, పక్కకు వాలినవి నావి. మూడు అంకెల పక్కన చిన్న చిన్న చుక్కలు కూడా కనిపించాయి. అవెందుకో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఫోన్లో ఫొటో తీసుకుని వచ్చేశాను.

ముందు పుస్తకం లేదు

మా రూమ్మేటు నాకంటే ఆరేళ్లు పెద్ద. మొదటి నెలల్లో ఇద్దరం ఒకరినొకరు "మీరు" అనుకునేవాళ్లం. తర్వాత నాకు ఆయన "అన్నా" అయ్యాడు, ఆయనకు నేను "తమ్ముడూ" అయ్యాను. ఆ పిలుపు వచ్చాక డబ్బు గురించి మాట్లాడటం ఇంకా కష్టమైంది. అన్న దగ్గర చిల్లర లెక్కేంటి అని నాకు, తమ్ముణ్ని ఏం అడుగుతాంలే అని ఆయనకు.

అందుకని ఎవరి చేతిలో డబ్బుంటే వాళ్లు ఇచ్చేసేవాళ్లం. "ఈసారి నేనిస్తాలే." "సరే, వచ్చేసారి నాది." వినడానికి ఎంత బాగుండేదో! మనసులో మాత్రం ఇద్దరం లెక్క వేసుకుంటూనే ఉన్నాం. నేనిచ్చిన ప్రతిదీ నాకు బాగా గుర్తుండేది. ఆయన ఇచ్చినవి అంత గుర్తుండేవి కావు. ఆయన పరిస్థితీ అదేనని తర్వాత తెలిసింది.

ఆ మొహమాటం మాటల్లోకి రాలేదు కానీ చప్పుళ్లలోకి వచ్చింది. బకెట్ కింద పెట్టే చప్పుడు పెరిగింది. తలుపు మెల్లగా మూసుకునే ఇంట్లో తలుపులు కొట్టుకోవడం మొదలైంది. గ్యాస్ అయిపోతే, ఎవరు బుక్ చేస్తారో చూద్దామని ఇద్దరం రెండు రోజులు వంట మానేశాం. ఆ రెండో రోజు రాత్రి ఆయన ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"తమ్ముడూ, నీకు నా మీద ఏదో ఉంది. నాకూ నీ మీద ఉంది. ఎంత ఉందో రాద్దాం."

రాశాం. అర్ధరాత్రి దాటేదాకా గుర్తు చేసుకుని రాశాం. నా లెక్క ప్రకారం ఆయన నాకు బాకీ. ఆయన లెక్క ప్రకారం నేను ఆయనకు బాకీ. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆయన పేజీ మధ్యలో అడ్డంగా గీత గీసి, "ఇక్కడిదాకా చెల్లు. రేపటి నుంచి రాయనిది లేదు" అన్నాడు.

స్నేహితుల మధ్య లెక్కలేంటి అనేవాళ్లు నాకు చాలామంది ఎదురయ్యారు. వాళ్లతో నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. మా స్నేహం పాడవబోయింది లెక్క లేనప్పుడే. పుస్తకం వచ్చాక తలుపులు మళ్లీ మెల్లగా మూసుకున్నాయి.

పుస్తకం, డబ్బా

పుస్తకంలో నాలుగు గళ్లు. తేదీ, దేనికి, ఎవరిచ్చారు, ఎవరి కోసం. మొదట మూడే ఉండేవి. నాలుగోది వారం తిరక్కుండానే కావాల్సి వచ్చింది. ఒకరే వాడుకునే వస్తువు కూడా ఇద్దరి ఖాతాలో పడిపోతోంది మరి. "ఎవరి కోసం" అన్న గడి చేరాక సగం గొడవలు పుట్టకుండానే పోయాయి.

నెలాఖరు రాత్రి మంచం మీద పుస్తకం పరుచుకునేవాళ్లం. ఆయన చదివేవాడు, నేను కూడేవాణ్ని. ఆయన గొంతు పద్దు చదివేటప్పుడు పాఠం అప్పజెప్పినట్టుండేది. మొత్తం ఎంత, నేనిచ్చింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత. చివరికి ఆ తేడా ఒక్కటే చేతులు మారేది. నెలంతా ఒకరికొకరు ఇరవై సార్లు ఇచ్చుకునే బదులు ఒకే ఒక్కసారి.

చిన్న చిన్న ఖర్చులకు పుస్తకం కూడా బరువే. వాటికోసం మూత బిగుసుకుపోయిన ఒక రేకు డబ్బా పెట్టాం. ఒకటో తారీఖున ఇద్దరం సమానంగా అందులో వేసేవాళ్లం. ఇంటికి కావాల్సిన చిల్లర ఖర్చులన్నీ దాంట్లోంచే. నెల మొదట్లో డబ్బా తీస్తే నోట్ల మధ్య నాణేల చప్పుడు మెత్తగా వినిపించేది. ఇరయ్యో తారీఖు దాటాక గలగల పెరిగేది. పక్క గదిలో ఉండి ఆ గలగల వినే డబ్బాలో ఎంత మిగిలిందో చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడు ఫోన్లలోనే అన్నీ తెగిపోతున్నాయి, అదీ సుఖమే. ఆ చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

రెండు గదులు

గదులు రెండూ ఒకలాంటివి కావు. ఒకటి పెద్దది, కిటికీ ఉన్నది. రెండోది చిన్నది, గాలి తక్కువ. ఆయన ముందు చేరాడు కాబట్టి పెద్ద గది ఆయనది. అద్దె మాత్రం చెరి సగం. నాకది లోపల గుచ్చుకునేది. పుస్తకం వచ్చాక ధైర్యం చేసి అడిగాను.

అన్న కాసేపు ఆలోచించి ఒక మాటన్నాడు. "మొత్తం అద్దె 100 భాగాలనుకుందాం. పెద్ద గదికి ఎన్ని భాగాలైతే ఇవ్వొచ్చో ఇద్దరం చీటీల మీద రాద్దాం. ఎక్కువ రాసినవాడికి ఆ గది. కట్టేది మాత్రం రెండు అంకెలకూ మధ్యలో."

నేను 54 రాశాను. ఆయన 60 రాశాడు. గది ఆయనకే ఉండిపోయింది, ఆయన వాటా 57, నాది 43. ఆయన 60 అయినా ఇచ్చేవాడు కాబట్టి 3 భాగాలు కలిసొచ్చాయి. చిన్న గదికి 46 ఇవ్వడానికి నేను సిద్ధం కాబట్టి నాకూ 3 కలిసొచ్చాయి. ఇద్దరికీ లాభం వచ్చే పంపకం ఉంటుందని ఆ రాత్రిదాకా నాకు తెలియదు. చిన్న గదిలో అదే మంచం మీద, అదే ఉక్కలో పడుకున్నాను. కానీ గుచ్చుకోవడం పోయింది. నిద్ర బాగా పట్టింది.

చాలా కాలం తర్వాత చదివాను, ఇది లెక్కల వాళ్లు కూడా పట్టించుకున్న విషయమేనని. ఇద్దరికే కాదు, ఎన్ని గదులకు అంతమంది ఉన్నా, కొన్ని మామూలు షరతులు కుదిరితే, ప్రతి ఒక్కరికీ వేరే వేరే గది నచ్చేలా అద్దెను విడగొట్టే దారి ఉంటుందని ఫ్రాన్సిస్ సు అనే గణితశాస్త్రవేత్త 1999లో నిరూపించి చూపించారు. దానికి ఆయన వాడుకున్నది 1928 నాటి స్పెర్నర్ సూత్రం. అది చదివిన రోజు మా రెండు చీటీలే కళ్ల ముందు మెదిలాయి.

తిరిగే చక్రం

నాకు రాత్రిళ్లు చదువుకునే అలవాటు. 60 వాట్ల బల్బు, ఆరేసి గంటలు. "కరెంటంతా నీ లైటుకే పోతోంది తమ్ముడూ" అని అన్న అప్పుడప్పుడూ అనేవాడు. ఆయన పొద్దున్నే బకెట్లో హీటర్ రాడ్ పెట్టుకునేవాడు, ఇరవై నిమిషాలు. "ఇరవై నిమిషాలకేం అవుతుంది" అనేవాడు. నేను చన్నీళ్లవాణ్ని.

ఒక ఆదివారం దీని సంగతి తేల్చేద్దామనుకున్నాం. అప్పటి మీటర్లలో గాజు వెనక సన్నటి అల్యూమినియం చక్రం తిరిగేది, దాని అంచున ఒక రంగు గుర్తు ఉండేది. ఎన్ని చుట్లు తిరిగితే ఒక యూనిటో మీటర్ మీదే రాసి ఉండేది. మాది 600 చుట్లు. ఇంట్లో అన్నీ ఆపేసి కిందికి దిగాం. చక్రం కదలకుండా నిలబడిపోయింది. నేను పైకెళ్లి నా బల్బు వేసి వచ్చాను. చక్రం బద్ధకంగా కదిలింది. గుర్తు ఒక చుట్టు తిరిగి రావడానికి 100 సెకన్లు. ఆయన వాచీ చూస్తూ లెక్కపెట్టాడు, నేను ఊపిరి బిగబట్టి చూశాను.

తర్వాత బల్బు ఆపి హీటర్ పెట్టి వచ్చాం. 1500 వాట్లది. చక్రం గిర్రున తిరిగింది. చుట్టుకు 4 సెకన్లు. గుర్తు మీద కన్ను నిలవడం లేదు.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ చెక్క తలుపు మీదే పెన్సిల్‌తో గుణించాం. 1000 వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. నా బల్బు ఆరు గంటలకు 0.36 యూనిట్. హీటర్ ఇరవై నిమిషాలకు 0.5 యూనిట్. రాత్రంతా వెలిగే దీపం కంటే పొద్దున ఇరవై నిమిషాల వేడినీళ్లే ఎక్కువ. నాకు గెలిచినట్టేమీ అనిపించలేదు. ఇన్నాళ్లూ ఇద్దరం కంటికి కనిపించే వెలుతురునే చూశాం, కనపడని వేడిని చూడలేదు.

"నీ లైటు జోలికి ఇక రాను" అన్నాడు అన్న. ఆ రోజు నుంచే నెలనెలా రీడింగ్ మేమే తీసి తలుపు మీద రాసుకోవడం మొదలైంది. బిల్లు వచ్చాక దాంతో సరిచూసుకునేవాళ్లం.

ఎన్ని రోజులున్నారు

ఆయన ఉద్యోగం ఊళ్లు తిరిగేది. నెలలో పన్నెండు రోజులు, ఒక్కోసారి పదిహేను రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. లేని రోజులకు కూడా సగం కట్టడమేంటని ఆయన అడగలేదు. నేనే అడిగాను, చీటీల రోజు ఆయన నా మాట విన్నాడు కాబట్టి.

అప్పుడు ఖర్చుల్ని విడదీశాం. అద్దె మనం ఉన్నా పడుతుంది, లేకపోయినా పడుతుంది. దానికి రోజుల లెక్క లేదు. కరెంటు, గ్యాస్, ఇద్దరూ వాడే సరుకులు ఉంటేనే ఖర్చవుతాయి. వాటికి తలకు రోజుల చొప్పున. ఆయన 18 రోజులు, నేను 30 రోజులు ఉంటే మొత్తం 48. అప్పుడు ఆయన వాటా నూటికి 37.5, నాది 62.5. ఒకసారి ఆయన తమ్ముడు వచ్చి 6 రోజులున్నాడు. ఆ ఆరూ తన ఖాతాలోనే వేయమన్నాడు అన్న. 24, 30. మొత్తం 54. ఆయన వాటా నూటికి 44 దాటింది. "మా వాడు స్నానానికి ఎంతసేపు తీసుకుంటాడో నాకు తెలుసు కదా" అన్నాడు.

గోడ మీది క్యాలెండర్‌లో ఆయన లేని రోజుల చుట్టూ సున్నాలు చుట్టేవాణ్ని. ఆయన రాత్రిళ్లు ఊరి నుంచి వచ్చేవాడు. గేటు గడియ చప్పుడు, మెట్ల మీద బరువుగా బ్యాగు, తాళంచెవి వెతుక్కునే చప్పుడు. లేచి తలుపు తీసేవాణ్ని. మర్నాడు సున్నా ఉండేది కాదు.

రాయడం కుదరనిది

పని మాత్రం పుస్తకంలోకి రాలేదు. ఊడ్వడం, గిన్నెలు, బాత్రూమ్, నీళ్లు పట్టడం, గ్యాస్ వాళ్ల కోసం ఇంట్లో కూర్చోవడం. ఒకసారి మళ్లీ చీటీలే రాశాం, ఈ ఇంటి పనిలో నూటికి ఎంత నేను చేస్తున్నానని. నేను 60 రాశాను. ఆయన 65 రాశాడు. కలిపితే 125. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా ఇలాగే అడిగారు. అక్కడా ఇద్దరి వాటాలు కలిపితే నిజంగా ఉండాల్సిన దానికంటే ఎక్కువే వచ్చాయి. మనం చేసినవి మనకు తేలిగ్గా గుర్తొస్తాయి, పక్కవాళ్లు చేసినవి అంత తేలిగ్గా గుర్తుకు రావు. ఇది చదివాక ఆ 65 మీద నాకు మిగిలిన కాస్త కోపం కూడా పోయింది.

పనికి డబ్బు కట్టి వాటాలో తగ్గించుకుందామని నేనన్నాను. అన్న ఒప్పుకోలేదు. "డబ్బు కట్టామంటే, డబ్బులిచ్చేశాను కదా అని ఒకడు కాళ్లు చాపుకుంటాడు. పనికి పనే." కాబట్టి పనుల్ని రెండు కట్టలు చేసి నెలకోసారి మార్చుకున్నాం. నావైన పనులు ఆయన చేసే నెలలోనే తెలిసేది, అవెంత బరువో ఆయనకు. నాకూ అంతే.

ఆ మూడు నెలలు

ఒక రోజు నా ఉద్యోగం పోయింది. మూడు నెలలు ఖాళీ. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్లనక్కర్లేని రోజులు. పగలంతా ఫ్యాన్ కింద పడుకుని దాని కిర్రుకిర్రు వినేవాణ్ని. ఆ మూడు నెలలు పుస్తకం ముట్టుకోలేదు. చూస్తే టెన్షన్. చదవడం, కూడటం, తలుపు మీద రీడింగ్ రాయడం అన్నీ అన్నే చేశాడు. డబ్బాలో నా వాటా కూడా ఆయనే వేసి, చేబదులుగా నా పేరు మీద రాశాడు. ఒక్కరోజు కూడా నాకు గుర్తు చేయలేదు, ఒక్క పద్దు కూడా వదల్లేదు.

మళ్లీ దొరికిన ఉద్యోగంలో జీతం తక్కువ. ఆయన జీతం, నా జీతం మూడుకు రెండు. అద్దె కూడా కొన్నాళ్లు అలాగే, ఆయన 60, నేను 40 కడదామన్నాడు. నేను వద్దన్నాను, అభిమానం అడ్డొచ్చింది. "ఆరు నెలలే. ఆరు నెలలకు మళ్లీ కూర్చుందాం" అన్నాడు. గడువు పెట్టాడు కాబట్టే ఒప్పుకోగలిగాను. గడువు లేకపోతే అది దయలా ఉండేది. ఈ మాట తక్కువ జీతం ఉన్నవాడు ఎప్పటికీ నోరు తెరిచి అడగలేడు. ఎక్కువ ఉన్నవాడే ముందు తేవాలి. అన్న తెచ్చాడు. ఆరు నెలలకు సరిగ్గా మళ్లీ కూర్చున్నాం, జీతం పెరిగింది, 57, 43కి తిరిగొచ్చాం. పాత చేబదులు వాయిదాల్లో తీర్చేశాను.

చెల్లు

ఆయనకు పెళ్లి కుదిరి ఇల్లు ఖాళీ చేశాం. ఏ వస్తువు ఎవరిదో పుస్తకంలో ఉంది కాబట్టి సర్దుకోవడానికి ఒక పూట చాలింది. ఇద్దరం కలిసి కొన్నది బీరువా ఒక్కటే. ధర నేను చెప్పాలి, ఆ ధరకు కొనుక్కుంటాడో నాకు అమ్ముతాడో ఆయన తేల్చాలి. ఎక్కువ చెబితే నాకే చుట్టుకుంటుంది, తక్కువ చెబితే ఆయన తీసుకెళ్లిపోతాడు. నిజం ధర చెప్పక తప్పలేదు. ఆయన తీసుకున్నాడు. అడ్వాన్స్ ఎవరు ఎంత కట్టామో అంత వెనక్కి పంచుకున్నాం.

చివరి రోజు గదులు ఊడ్చేస్తుంటే మాటలు ఖాళీ గోడలకు తగిలి తిరిగొచ్చేవి. ఆయన పుస్తకం చివరి పేజీలో "చెల్లు" అని రాసి సంతకం చేసి నా చేతికిచ్చాడు. "నీ దగ్గరే ఉంచు."

ఇన్ని ఇళ్లు మారినా అది నా దగ్గరే ఉంది.

ఆ ఫొటో ఆయనకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. గొంతు కాస్త వణుకుతోంది కానీ పద్దు చదివే తీరు పోలేదు, పైనుంచి ఒక్కో అంకె చదువుకుంటూ వచ్చాడు. చుక్కల దగ్గర ఆగాడు.

"ఇవెందుకన్నా?" అన్నాను.

"నీకు ఉద్యోగం లేని నెలలు. నేను సగం రోజులు ఊళ్లో లేను. లెక్క ప్రకారం కరెంటులో నీది మూడింట రెండు వంతులు. సగమే రాశాను."

కాసేపు నా నోట మాట రాలేదు. "రాయనిది లేదన్నది నువ్వే కదన్నా."

"రాయలేదని ఎవరన్నారు తమ్ముడూ? పుస్తకంలో పెడితే నువ్వు చూస్తావని తలుపు మీద చుక్క పెట్టాను."

ఫోన్ పెట్టేశాక ఫొటో పెద్దది చేసి, చుక్కలున్న రీడింగుల్లోంచి వాటి ముందు నెల రీడింగులు తీసేశాను. 84, 78, 90. మొత్తం 252 యూనిట్లు. మూడింట రెండు వంతుల్లోంచి సగం పోతే మిగిలేది ఆరో వంతు. బీరువా తీసి పుస్తకం బయటికి తెచ్చాను. చివరి పేజీలో ఆయన సంతకం కింద జాగా ఉంది. తేదీ వేసి రాశాను: అన్నకు బాకీ, 42 యూనిట్లు.